ఒక్క కాయితానికి అయిదు అరలు

మా గదిలో కాయితం పోయిందంటే నిజంగా పోయినట్టు కాదు, ఇంకో బీరువాలో ఉన్నట్టు. కాసేపు తిట్టుకుంటూ వెతికితే ఎవరిదో ఫైలు మధ్యలో నక్కి కనిపించేది. అలాంటి గదిలో ఒక గురువారం నాడు, అన్ని అరల్లోంచీ ఒకేసారి కాయితాలు మాయమయ్యాయి. ఆ గురువారం నుంచి తరవాతి మంగళవారం దాకా జరిగిందే ఇక్కడ చెబుతున్నాను.

మీరంతా కంప్యూటర్ల ముందు కూర్చుని ఉద్యోగాలు చేసుకునే పిల్లలు. నేను అయిదో తరగతితో ఆపేసినదాన్ని. నరసాపురం నుంచి ఇంటిపనికని వెళ్ళి, అబుదాబిలో ఒక విల్లాలో చాలా ఏళ్ళు వంట చేశాను. మా వాళ్ళు అడిగితే మాత్రం దుబాయ్‌లో ఉన్నాననే చెప్పేదాన్ని. మా వైపు ఆ దేశమంతా దుబాయే. ఇంగ్లీషు అక్షరాలు నాకు పాలడబ్బాలూ మందు సీసాలూ నేర్పాయి. కరోనా వచ్చిన ఏడాది ఆ ఇంటివాళ్ళు సామాను సర్దుకుని తమ దేశం వెళ్ళిపోతూ, నన్ను నడిరోడ్డున వదలకుండా తెలిసినవాళ్ళ కంపెనీలో టీ పెట్టే పనిలో చేర్పించి వెళ్ళారు. వాళ్ళు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆ కంపెనీ అబుదాబి శివార్లలో, ఫ్యాక్టరీల పేట ముసఫ్ఫాలో ఉండేది. ఫ్యాక్టరీలకు మరమ్మతు పనివాళ్ళను పంపడం దాని వ్యాపారం. వెల్డర్లు, ఫిట్టర్లు, ఇనుపగొట్టాలతో మంచె కట్టేవాళ్ళు, ట్యాంకుల్లోకి దిగి కడిగేవాళ్ళు. ఏడాదికోసారి పెద్ద ఫ్యాక్టరీ యంత్రాలన్నీ ఆపేసి రిపేర్లు చేయించుకుంటుంది. దాన్ని షట్‌డౌన్ అంటారు. ఆ రోజుల్లో మా కంపెనీకి పండగ. పనివాళ్ళంతా ఆ పక్కనే ఐకాడ్ అనే చోట కంపెనీ క్యాంపులో ఉండేవారు. తెల్లారకుండానే బస్సు వాళ్ళను ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర దించేది.

గేటు దాటడం మాత్రం తేలిక కాదు. ఎత్తు మీద పని చేసేవాడికి ఒక సర్టిఫికెట్, ట్యాంకులో దిగేవాడికి ఒకటి, విషవాయువు జాగ్రత్తలకు ఇంకొకటి కావాలి. అన్నిటికీ గడువు తేదీ ఉంటుంది. గేటు దగ్గర మనిషి ముఖం చూడరు, కాయితం చూస్తారు. గడువు దాటితే వెనక్కి పంపేస్తారు.

పైగా ఏ ఫ్యాక్టరీ పద్ధతి దానిది. ఒకరు మనిషి పేరు మీద ఫైలు అడిగితే, ఇంకొకరు వెల్డర్లవి వేరు, ఫిట్టర్లవి వేరు పెట్టమంటారు. ఒకరు కాయితం రకాన్ని బట్టి, ఒకరు గడువు తేదీని బట్టి, ఒకరు బస్సును బట్టి అడుగుతారు. అందుకని మా రికార్డు గదిలో అయిదు బీరువాలు ఉండేవి. ఒక్కొక్క కాయితానికీ జిరాక్సులు తీసి అయిదింటిలోనూ పెట్టాలి. కొత్త సర్టిఫికెట్ వస్తే అయిదు చోట్లా పాతది తీసి కొత్తది పెట్టాలి. నాలుగు చోట్ల మార్చి అయిదోది మరిచిపోవడం మామూలే. సరిగ్గా ఆ అయిదో బీరువాలోంచి తీసిందే గేటుకు వెళ్ళేది.

అలా వెనక్కొచ్చేవాళ్ళ కోసం మా ఆఫీసులో ఒక అలవాటు ఉండేది. షట్‌డౌన్ మొదటిరోజు పొద్దున నేను పెద్ద ఫ్లాస్కు నిండా టీ పెట్టి ఉంచేదాన్ని. బస్సు తిరిగొచ్చాక అందులోంచి ఒకడో ఇద్దరో ముగ్గురో తల వేలాడేసుకుని దిగేవారు. వాళ్ళను తిట్టకూడదు, ఏమైందని అడగకూడదు, ముందు టీ ఇవ్వాలి. ఈ నియమం పెట్టింది రికార్డు గది పెద్దాయన.

ఆయన నెల్లూరు వైపు సాయిబు. మేమందరం భాయ్ అనేవాళ్ళం. గోరింట పెట్టిన గడ్డం, దారం కట్టిన కళ్ళద్దాలు, జేబులో ఎప్పుడూ ఇస్త్రీ రుమాలు. బీరువా పిడి ఎవరైనా చెమట చేత్తో పట్టుకుంటే వాళ్ళు అటు తిరగగానే రుమాలుతో తుడిచేవాడు. నెలాఖరు గురువారం ఆయనకు సఫాయి రోజు. బీరువాలన్నీ తెరిచి, ఒకే కాయితం ఒకే చోట రెండుసార్లు ఉంటే ఒకటి తీసి నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసేవాడు. అయ్యాక చేతులు కడుక్కొచ్చి కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మే, ఇప్పుడొక టీ ఇయ్యి, ఊపిరాడతా ఉండాది," అనేవాడు.

కరోనా తగ్గాక, అక్కడ శుక్రవారం సెలవు పోయి సగం పూట పని మొదలైన కాలంలో, కంపెనీ బీరువాలు తీసేసి సాఫ్ట్‌వేర్ పెట్టింది. దాన్ని నడపడానికి ఒక ఇంజనీరు అమ్మాయి వచ్చింది. తెలంగాణ పిల్ల. నన్ను అక్కా అనీ, భాయ్‌ను బాబాయన్నట్టు చిచ్చా అనీ పిలిచేది. నా చేతులు శుభ్రంగా ఉంటాయని చెప్పి నాకు స్కానర్ అప్పగించింది. టీ కప్పుల పక్కనే నాకో బల్ల వచ్చింది. ఆ వారమంతా కొత్త చీర కట్టుకున్నదానిలా తిరిగాను.

మొదటిరోజే ఆమె మా ఇద్దరినీ తెర ముందు కూర్చోబెట్టింది.

"చూడు చిచ్చా, ఇగో వెల్డర్ల ఫోల్డరు. ఇందుల ఈ సర్టిఫికెట్ ఉన్నదా? ఇప్పుడు గడువుల ఫోల్డర్ల చూడు, ఆడ గూడ ఉన్నది. బస్సు ఫోల్డర్ల గూడ ఉన్నది."

"అంటే అయిదు జిరాక్సులు."

"కాదు చిచ్చా. కాయితం ఒక్కటే. ఈ ఫోల్డర్లు నిజంగ లేవు. వర్చువల్ అంటరు. మనం తెరిచినప్పుడే తయారైతయి. ఎవరి కాయితం, ఏం పనోడు, ఏం కాయితం, ఎప్పటిదాక చెల్లుతది, ఏ బస్సు, ఇవి మనం రాసి పెడ్తం గదా. వాటిని బట్టి అదే ఏరుకొచ్చి సూపిస్తది."

భాయ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "లేని అరలో ఉన్న కాయితాన్ని ఎట్టా పెడతారు బేటీ?"

"పెట్టం చిచ్చా. అదే కనవడ్తది."

ఆయన నావైపు తిరిగి, "అర్థమైందా అమ్మే?" అన్నాడు. నేను అయిందన్నట్టు తలూపాను. నాకు సగమే అర్థమైంది. ఆయనకు అది కూడా కాలేదని మాకు గురువారం దాకా తెలియలేదు.

ఆ ఏడాది షట్‌డౌన్ మాకు మామూలు పని కాదు. కరోనా నుంచి పనుల్లేక కంపెనీ చిక్కిపోయింది. క్యాంపులో ఒక బస్సుకు సరిపడా మనుషులు నెలల తరబడి ఖాళీగా కూర్చుని ఉన్నారు. తిండీ గదీ మాత్రం కంపెనీ ఇస్తోంది. వాళ్ళలో మా భీమవరం వైపు వెల్డరొకడు ఉండేవాడు, నేను తమ్ముడూ అని పిలిచేదాన్ని. వారం వారం ఆఫీసుకొచ్చి, "అక్కా, పని వచ్చిందాండి?" అని అడిగి, లేదంటే నవ్వేసి, నా చేత్తో టీ తాగి వెళ్ళిపోయేవాడు. ఆ నవ్వు చూడలేకపోయేదాన్ని.

చివరికి ఒక ఫ్యాక్టరీ పిలిచింది. మా ముదీర్, అంటే మేనేజరు, అరబ్బాయన. మా అందరితో క్యాంపు హిందీలో మాట్లాడేవాడు. అందరినీ నిలబెట్టి చెప్పాడు. "సోమవారం మధ్యాహ్నం లోపల కాగజ్ అందరిదీ వెళ్ళాలి. మంగళవారం బస్సు గేట్ లోపల. కాగజ్ లేటయితే పని వేరే కంపెనీకి. అప్పుడు బస్సు మొత్తానికి టికెట్, ఘర్ వాపస్. ఖలాస్."

ఖలాస్, అంటే ఇక అయిపోయిందని, చేతులు దులిపాడు. ఆ దులపడంలో మా వెల్డరు తమ్ముడి నవ్వు కూడా రాలిపోయినట్టు అనిపించింది.

మనుషులందరికీ ఆ వారమే కొత్తగా ట్రైనింగులు చేయించారు. బుధవారం సాయంత్రానికి సర్టిఫికెట్లు వచ్చాయి. నేను ఒక్కొక్కటీ గాజు మీద పెట్టి స్కాన్ చేసి, అసలు కాయితాలు ఎవరివి వాళ్ళకు తిరిగిచ్చేశాను. గురువారం పొద్దున ఇంజనీరు అమ్మాయి తెర చూసి, అన్నీ ఉన్నాయి, సోమవారం దాకా ఆగడమెందుకు, మధ్యాహ్నమే పంపిద్దామంది.

ఆ గురువారం నెలాఖరు గురువారం.

మేము భోజనానికి లేచాం. భాయ్ మాత్రం కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తిరిగొచ్చేసరికి ఆయన చేతులు కడుక్కుని, కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు.

"అమ్మే, టీ ఇయ్యి. సఫాయి చేసేసినా."

"దేన్ని చేశారు భాయ్?"

"ఈ మిషన్ని. ఇప్పుడు బీరువా ఒకటే గదా, అందులో ఒకటే కాయితం అయిదు అరల్లో ఉండాదమ్మే, అంతా చెత్త. మొదటి అరలోది ఉంచి, రెండో అరలోది తీసేసినా. ఇంక మూడోది చూస్తే అదే ఖాళీ అయిపోయి ఉండాది. నాలుగోదీ, అయిదోదీ అంతే. మంచి మిషన్, నాకు పని తగ్గించింది. కింద బుట్ట గూడా ఖాళీ చేసినా."

ఇంజనీరు అమ్మాయి చేతిలో టిఫిన్ డబ్బా అలాగే ఉండిపోయింది. వచ్చి మొదటి అర తెరిచింది. అదీ ఖాళీయే.

భాయ్ తెరవైపు చూశాడు. మళ్ళీ చూశాడు. "ఇందులోవి నేను ముట్టుకోలా. ఇవి యాడికి పోయినాయి?"

ఆమె బుట్ట కూడా తెరిచి చూసింది. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో రెండు బటన్లుండేవి. ఒకటి ఈ ఫోల్డర్లోంచి తీసెయ్యమని, రెండోది అసలే చెరిపెయ్యమని. భాయ్‌కు డిలీట్ అనే మాట తెలుసు. పొద్దున్నే ఫోన్లోకి వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మలన్నీ ఆయన రోజూ దాంతోనే చెరిపేవాడు. తెలిసిన బటనే నొక్కాడు.

ఆయనకు ఎలా చెప్పాలో ఆ పిల్లకు తోచలేదు. నాకు విల్లా రోజులు గుర్తొచ్చాయి. మా ఇంట్లో ఒక డ్రైవరుండేవాడు. మేడమ్ ఫోన్లో అతని పేరు డ్రైవర్. పిల్లల ఫోన్లో స్కూల్ అంకుల్. నా ఫోన్లో పెషావర్ అన్న. ముగ్గురం మూడు పేర్లతో పిలిచినా వచ్చేది ఒక్క మనిషే.

"భాయ్," అన్నాను, "మన ఫోన్లో ఒకరి నంబరు చెరిపేస్తే ఆ మనిషికేం కాదండి. ఇక్కడ మీరు నంబరు చెరపలేదు. మనిషినే చెరిపేశారు. అందుకే అందరి ఫోన్లలోంచీ పోయాడు."

ఆయన కళ్ళద్దాలు ముక్కు మీదకు జారాయి. ఎత్తి పెట్టుకోలేదు. "బస్సు మొత్తమా?" అన్నాడు చాలా నెమ్మదిగా.

బస్సు మొత్తమే.

ముదీర్ వచ్చాడు. ఆ అరుపులు ఇక్కడ రాయను, అచ్చుకు బాగోవు. భాయ్ తలొంచుకుని నిలబడ్డాడు. ఇంజనీరు అమ్మాయి ముందుకొచ్చి, ఆ బటన్ అందరికీ అందేలా వదలడం తన పొరపాటేనని, చిచ్చాను అనొద్దని ఇంగ్లీషులో చెప్పింది. ముదీర్ ఆమె మీదా అరిచాడు. అరుపు పంచుకుంటే కాస్త తేలికవుతుంది కాబోలు, భాయ్ తల కొంచెం లేచింది.

పాత నకలు ఉందిగా అని వెతికారు. వారానికోసారి ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తానే నకలు తీసి దాచుకుంటుందట. అందులోంచి పాస్‌పోర్టులూ, వీసాలూ తిరిగొచ్చాయి. కానీ ట్రైనింగు సర్టిఫికెట్లు ఆ నకలు తీశాక వచ్చినవి. ట్రైనింగు సెంటరుకు ఫోన్ చేస్తే, సోమవారం అడగండి, ఆ తరవాత రెండు రోజుల్లో ఇస్తామన్నారు. మాకు సోమవారం మధ్యాహ్నమే గడువు.

అందరం కూలబడ్డాం. అప్పుడు భాయే నోరు విప్పాడు.

"కాయితాలు పోలేదు బేటీ. వాళ్ళ పెట్టెల్లో ఉండాయి. మిషన్ని మోసుకుని క్యాంపుకు పోదాం."

మర్నాడు శుక్రవారం. నమాజు అయ్యాక మేము ముగ్గురం స్కానరునూ, కంప్యూటరునూ వ్యానులో పెట్టుకుని ఐకాడ్ వెళ్ళాం. దారిలో ఆ ఎండకు స్కానరెక్కడ పాడవుతుందోనని దాన్ని నా చున్నీ కప్పి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. క్యాంపు మెస్ హాల్లో ఇనుప బల్ల మీద అన్నీ పరిచాం. హాలంతా పప్పు పోపు వాసన. మనుషులు మంచం కింది పెట్టెల్లోంచి ప్లాస్టిక్ కవర్లు తీసుకుని వరసలో నిలబడ్డారు. ఆ కవర్లలో సర్టిఫికెట్లతో పాటు పిల్లల ఫోటోలూ, దేవుడి పటాలూ, రంగు వెలిసిన తాయెత్తులూ ఉండేవి. ఒక్కొక్కటి బయటికి తీసి, కాయితం నాకిచ్చి, మిగతావి మళ్ళీ జాగ్రత్తగా లోపల పెట్టుకునేవారు.

నేను స్కాన్ చేస్తాను. అమ్మాయి టైపు చేస్తుంది. ఎవరిది, ఏం పని, ఏం కాయితం, ఎప్పటిదాకా, ఏ బస్సు. మేమిద్దరమే అయితే సాయంత్రం టీ వేళకు అయిపోయేది. కానీ భాయ్ మా మధ్యలో కుర్చీ వేసుకున్నాడు. ప్రతి కాయితాన్నీ వెలుతురుకు పట్టి చూసేవాడు. ముద్ర చూసేవాడు. తేదీ పైకి చదివేవాడు. ఆమె టైపు చేశాక తెర మీద మళ్ళీ చదివి, వేలితో కాయితం మీద కొట్టి, "ఆఁ, ముందుకు పో," అనేవాడు.

"చిచ్చా, గిట్లయితే పొద్దుగూకుతది."

"గూకనీ బేటీ. ఆ ఏరుకొచ్చేది మనం రాసిందాన్ని చూసే గదా ఏరుకొస్తాది? రాసింది తప్పైతే అది కూడా తప్పే ఏరుతుంది."

ఆ మాటకు ఆ పిల్ల నావైపు చూసింది. నేనూ ఆమెవైపు చూశాను. నెల రోజులు ఆమె చెప్పిన పాఠం ఆయనకు నిన్నటి దెబ్బతో ఎక్కింది.

వరసలో వెనకున్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. ఇంటికి ఫోన్ చేసుకునే వేళ వాళ్ళకది. మా వెల్డరు తమ్ముడి వంతు వచ్చింది. అతని సర్టిఫికెట్లో పేరుకూ, ఐడీలో పేరుకూ మధ్య ఒక అక్షరం తేడా ఉంది. భాయ్ పాస్‌పోర్టు కాపీ తెప్పించి మూడూ పక్కపక్కన పెట్టి చూడసాగాడు.

"భాయ్ గారూ," అన్నాడు తమ్ముడు, "మా అత్తోరు కూడా నన్నింత పరీక్ష చేయలేదండి పిల్లనిచ్చేటప్పుడు."

"చేసుంటే ఇచ్చేవోళ్ళు కాదులే," అన్నాడు భాయ్ తలెత్తకుండా.

హాలంతా నవ్వింది. గొణుగుడు ఆగిపోయింది. సర్టిఫికెట్లో ఉన్న పేరే పాస్‌పోర్టులోనూ ఉందని చూసుకుని భాయ్ దాన్నే రాయించాడు. ఆ తరవాత ఎవరి వంతు వస్తే వాళ్ళు తమ కాయితం కంటే ముందు ఏదో ఒక వేళాకోళం తెచ్చేవారు, భాయ్ తలెత్తకుండా దానికి జవాబిచ్చేవాడు. మెస్‌లో వంటవాడు మాకు పళ్ళాల్లో వేడి వేడి పకోడీ పెట్టాడు. నూనె చేతులతో కాయితం ముట్టుకోవద్దని భాయ్ ఒక్కటి కూడా తిననీయలేదు. అవి చల్లారిపోయాక, పొద్దు వాలాక మగ్రిబ్ అజాన్ వినపడే వేళకు, వరస అయిపోయింది. అప్పుడు తిన్నాం. చల్లారిన పకోడీ అంత రుచిగా నేనెప్పుడూ తినలేదు.

ఒక్కడిది మాత్రం మిగిలింది. మంచె కట్టే మనిషొకడు, అన్నను చూడ్డానికి దుబాయ్‌లో అల్ కుసైస్ వెళ్ళి, కాయితాలున్న సంచీ అక్కడే మరిచిపోయి వచ్చాడు. అన్న ఫోన్లో ఫోటో తీసి పంపాడు. అమ్మాయి ఇది చాలు చిచ్చా అంది. ఫోటోలో ముద్ర అంచు తెగి ఉంది. భాయ్ ఒప్పుకోలేదు. ఆదివారం ఆ అన్న సెలవు పెట్టి బస్సెక్కి ముసఫ్ఫా వచ్చాడు. భాయ్ బస్టాపులో నిలబడి, కాయితం చేతికి తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి, అప్పుడు ఆ మనిషికి భోజనం పెట్టించాడు.

సోమవారం పొద్దున్నే ఆఫీసు తెరిచేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఫ్యాక్టరీ వాళ్ళు మనిషి పేరు మీద అడిగారు, ఆ ఫోల్డరు తెరిస్తే పేర్ల వరసలో అన్నీ ఉన్నాయి. నేను టీ కలుపుతున్నాను. ముదీర్ ఫోన్ పట్టుకుని గదిలోకి వచ్చాడు. ముఖం చూస్తేనే తెలిసింది.

ఫ్యాక్టరీ మనసు మార్చుకుంది. పేరు మీద వద్దట. ట్యాంకులో దిగేవాళ్ళవి ఒక చోట, ఎత్తెక్కేవాళ్ళవి ఒక చోట, ఒక్కోదానిలో గడువు దగ్గరపడ్డవి ముందు, దూరంగా ఉన్నవి వెనక. ఆ తీరున ఏ ఫ్యాక్టరీ అంతకుముందు అడగలేదు. గడువు మాత్రం మారలేదు. అదే మధ్యాహ్నం.

మీరు నవ్వుకుంటారేమో. మా బీరువాల కాలంలో అయితే అది వారం రోజుల పని. నేల మీద చాపలు పరిచి, కాయితాలు పరిచి, ఫ్యాను ఆపేసి చెమటలు కార్చుకుంటూ ఏరాలి. భాయ్ గోడకు చేరబడ్డాడు. "ఖలాస్," అన్నాడు తనలో తను.

ఇంజనీరు అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏవో మూడు నాలుగు వరసలు కొట్టింది. తెర మీద ఒక కొత్త ఫోల్డరు పుట్టింది, ఖాళీగా. ఒక క్షణం ఏమీ లేదు. తరవాత టికెట్ల మిషనులోంచి చిట్టీలు పడ్డట్టు ఒకదాని కింద ఒకటి కాయితాలు రావడం మొదలైంది. ట్యాంకువాళ్ళవి ఒక పక్క. ఎత్తువాళ్ళవి ఒక పక్క. గడువు దగ్గరివి పైన, దూరానివి కింద. అల్ కుసైస్ నుంచి వచ్చిన కాయితం కూడా తన చోట తాను నిలబడింది. నా టీ ఇంకా పొంగు రాలేదు.

భాయ్ గోడ దగ్గర్నుంచి వచ్చి తెర ముందు వంగాడు. వేలు పెట్టి ఒక్కొక్క తేదీ చదివాడు. ఒక్కటీ తప్పు లేదు.

"ఎవురు పెట్టినారు బేటీ వీటిని ఈడ?"

"మీరే పెట్టిండ్రు చిచ్చా," అంది ఆ పిల్ల. "శుక్రవారం నాడే. మెస్ హాల్ల కూసొని."

ఆయన జేబులోంచి ఇస్త్రీ రుమాలు తీశాడు. కళ్ళద్దాలు తుడుస్తాడనుకున్నాను. తెర తుడిచాడు. తరవాత అదే రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

గడువుకు చాలా ముందే కాయితాలు వెళ్ళిపోయాయి.

మంగళవారం పొద్దున నేను ఎప్పటిలాగే ఫ్లాస్కు నిండా టీ పెట్టాను. వెనక్కొచ్చేవాళ్ళ కోసం. అలవాటు. చెడ్డ శకునమేమోనని ఒక్క నిమిషం ఆగి, మళ్ళీ పెట్టాను. ఎవరో ఒకరు రాకుండా ఉండరు, నేను చేరాక ఎప్పుడూ అలా జరగలేదు. భాయ్ కిటికీ దగ్గర కుర్చీ వేసుకున్నాడు. అమ్మాయి కూడా వచ్చి నిలబడింది. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ముదీర్, ఆ రోజు పని లేకపోయినా మా గదిలోకి వచ్చి బల్ల మీద ఉన్న కాయితాలు అటూ ఇటూ జరుపుతున్నాడు.

ఎండెక్కాక బస్సు వచ్చింది. ముందు తలుపు తెరుచుకుంది. డ్రైవరు దిగాడు. వెనక తలుపు వైపు చూశాం. ఎవరూ దిగలేదు. భాయ్ లేచి బయటికి నడిచి, బస్సెక్కి, చివరి సీటు దాకా వెళ్ళి చూసొచ్చాడు. దిగేటప్పుడు ఆయన నడక చూశాను. కొత్త పెళ్ళికొడుకు నడకలా ఉంది.

"ఖాళీ," అన్నాడు.

డ్రైవరు పాకిస్తానీ. "ఖాళీయే ఉంటుంది మరి," అన్నాడు హిందీలో, "గేటువాడు కంప్యూటరు చూడటం, వెళ్ళు వెళ్ళు అనడం. నేను బీడీ కూడా వెలిగించుకోలేదు, బస్సంతా దిగిపోయింది."

అప్పుడే నా ఫోన్ మోగింది. వెల్డరు తమ్ముడు. వెనక యంత్రాల చప్పుడు. "అక్కా, అందరం లోపలికొచ్చేశామండి. ఒక్కడు కూడా ఆగలేదండి. పనిలోకి వెళ్తన్నాను, మళ్ళీ చేస్తా." ఫోన్ పెట్టేశాడు. అతని మాటలే గట్టిగా అందరికీ మళ్ళీ చెప్పాను.

ఫ్లాస్కులో టీ అలాగే ఉంది. తాగేవాళ్ళు రాలేదు. ఏం చేయాలో నాకు తోచలేదు. ముదీర్ చేయి చాపి ఒక కప్పు తనే తీసుకుని నా ముందుకు పట్టాడు. భాయ్ తీసుకున్నాడు. అమ్మాయి తీసుకుంది. డ్రైవరు తీసుకున్నాడు. వెనక్కొచ్చేవాళ్ళ కోసం పెట్టిన టీని మేమే నిలబడి తాగాం. ముదీర్ కప్పు ఖాళీ చేసి, "ఖలాస్," అన్నాడు. ఈసారి చేతులు దులపలేదు. ఒక చేయి భాయ్ భుజం మీద వేశాడు.

ఆ తరవాత డిలీట్ బటన్ మాకెవరికీ కనిపించకుండా అమ్మాయి తీసేసింది. భాయ్ నెలాఖరు గురువారం సఫాయి మాత్రం మానలేదు. కాకపోతే తీరు మారింది. ప్రతి కాయితం తెరిచి, దాని పేరూ, తేదీ సరిగ్గా రాసి ఉన్నాయో లేదో చూసేవాడు. తప్పుంటే దిద్దేవాడు. అయ్యాక చేతులు కడుక్కుని టీ అడిగేవాడు. ఆ షట్‌డౌన్ అయ్యాక ఫ్యాక్టరీ మమ్మల్ని మళ్ళీ పిలిచింది. ఆ ఏడాది ఎవరికీ ఇంటి టికెట్ తీయలేదు.

నేను ఉద్యోగం చాలించి వచ్చేసే రోజున భాయ్ నన్ను ఎయిర్‌పోర్టు దాకా దిగబెట్టాడు. సామాను తోసుకుంటూ లోపలికి వెళ్ళబోతుంటే, "ఆగు అమ్మే," అని ఫోన్ తీసి చూపించాడు. అందులో నా నంబరు అయిదు పేర్లతో ఉంది. టీ చెల్లి. స్కానర్. నరసాపురం. ఆఫీసు అమ్మ. అయిదోది ఒట్టి చెల్లి.

"ఇవన్నీ ఎందుకు భాయ్, ఒక్కటి చాలదా? మీరేగా సఫాయి మనిషి."

ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని, పైన రుమాలు కప్పి, జేబు మీద రెండుసార్లు తట్టాడు.

"ఏ పేరుతో గుర్తొస్తే ఆ పేరుతో పిలుస్తా," అన్నాడు. "ఎట్టా పిలిచినా నువ్వే గదా వచ్చేది."